రెండో మాట

పోయిన వారం మనం హాయిగా ఊపిరి పీల్చుకుని విడిపోయాం. ఒచ్యామె బొవాహెన్ గారు ఆపరేషన్‌కి ఒప్పుకున్నారు కదా, ఇక గండం గడిచినట్టే అనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను. నా బుద్ధి అలా ఏడిచింది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. అసుబొంతెంగ్ ఊరి రాజుగారికి బొవాహెన్ గారే నోరు. రాజుగారు పెదవి కదిపితే దాన్ని సభకి వినిపించేది ఆయన, సభ గోడు రాజుగారి చెవిన వేసేదీ ఆయన. ఒచ్యామె ఉద్యోగం అంటే అదే, దానికి గుర్తుగా చేతిలో ఒక దండం ఉంటుంది. అంతటి మనిషి పుర్రె అడుగున, ఎడమ చెవి లోపలగా, నిమ్మకాయంత గడ్డ పెరిగింది. పడుకుంటే చెవిలో నాడితో పాటు డోలు మోగుతోందని ఆయన ఎన్నాళ్ళుగానో అంటున్నా ఇంట్లోవాళ్ళు వయసులే అని కొట్టిపారేశారు. ఇప్పుడది మెదడు కాండాన్ని నొక్కుతోంది. నడిస్తే తూలుతున్నారు, పులుసు తాగితే పొలమారుతోంది. వదిలేస్తే ఏడాది గడవదు. ఆయన ఆబుసువా, అంటే తల్లి తరఫు బలగం మొత్తం, మా ఆస్పత్రి వరండాలో కూర్చుని మా డాక్టర్ ఫుసేనీ చెప్పింది విని సరేనన్నారు. ఆ సమయానికి నేను థియేటర్లో ఇంకొకరి తల తెరిచి ఉన్నాను. వచ్చేసరికి అందరూ నవ్వుతూ చేతులు కలుపుకుంటున్నారు. అక్కడిదాకా వచ్చాం.

రేపు పొద్దున ఆపరేషన్. ఇవాళ లేచిన దగ్గర్నుంచీ నాకు కాలు నిలవడం లేదు. ఇలాంటి గడ్డ రక్తంతో నిండి ఉంటుంది, ముట్టుకుంటే వరదే. రక్తం సంచులు ఎప్పుడొస్తాయయ్యా అంటే బ్లడ్ బ్యాంకాయన "వస్తాయి డాక్టరమ్మా" అంటాడు, మళ్ళీ అడిగితే మళ్ళీ అదే అంటాడు. ఎముక తొలిచే డ్రిల్లుని తిప్పించి చూశాను. ఇంకోసారి తిప్పించి చూశాను. ఇంకోసారి అనగానే థియేటర్ సిస్టరు "మీరెళ్ళి ఏదన్నా తినండి తల్లీ, అది మీ చూపుకే అరిగిపోయేలా ఉంది" అని బయటికి తోసేసింది. తినబుద్ధి కాలేదు. ఎడారి నుంచి వీచే హర్మటాన్ గాలి దుమ్ము కిటికీల నిండా పేరుకుపోయి మా కుమాసీ ఊరంతా మసగ్గా ఉంది. ముక్కు మంట, కళ్ళ మంట, ఒంటికి చిరాకు. పోనీ పెద్దాయన్ని చూసొస్తే మనసు కుదుటపడుతుందని వార్డుకెళ్ళాను.

ఆయన మంచం మీద ఆస్పత్రి చొక్కా పైనుంచే తన నేత గుడ్డ భుజం కిందుగా కప్పుకుని కూర్చుని ఉన్నారు. పక్కన కూతురు ఆఫ్రాకొమా నారింజకాయ చెక్కు తీస్తోంది. ఊళ్ళో ఎఫ్ఎమ్ స్టేషన్లో సాయంత్రం వార్తలు చదివేది ఈవిడే. తండ్రి గొంతే ఆడవాళ్ళ ఒంట్లోకి వస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఆ గొంతు, టాక్సీల్లో జనం మాటలాపి వింటారు.

"కూర్చోండి" అన్నారు పెద్దాయన.

నేను డాక్టర్ని, ఆయన రోగి. అయినా ఆయన మంచం ఎక్కడుంటే అదే ఆయన ఇల్లు. కూర్చున్నాను. ఆఫ్రాకొమా నీళ్ళ ప్యాకెట్టు అందించింది. తాగాను.

"ఇక్కడంతా చల్లగానే ఉంది" అన్నారు ఆయన. "మీ రాక సంగతేమిటి?"

"మా దగ్గరా అంతా చల్లగానే ఉంది" అన్నాను. ఇల్లు తగలబడుతోందని చెప్పడానికి వచ్చినా సరే మాలో మొదటి మాట అదే. అసలు సంగతి రెండో మాటలో వస్తుంది. "రేపటి కోసం ఒకసారి చూసిపోదామని వచ్చాను."

"నాన్నకి భయం లేదు డాక్టరమ్మా, నాకే నిద్ర లేదు" అంది ఆఫ్రాకొమా. "దానికి తోడు స్టేషన్లో ఆ దిక్కుమాలిన హెడ్‌ఫోన్లొకటి. ఎన్ని మార్పించినా లోపల ఒకటే మోత. వార్త చదువుతున్నానో బండి నడుపుతున్నానో నాకే తెలియడం లేదు."

"దీని సణుగుడు అలాగే ఉంటుంది" అని ఆయన నవ్వారు. నవ్వు చివర దగ్గొచ్చింది, తమాయించుకున్నారు. "డాక్టరమ్మా, రాజుగారికి కబురు పంపాను. వచ్చే అక్వాసిదే పండక్కి సభలో నేనే మాట్లాడతాను. కోకో తోటల సరిహద్దు తగవు ఒకటుంది. రెండు ఇళ్ళవాళ్ళు కత్తులు నూరుకుంటున్నారు. దాన్ని నేను తప్ప ఎవరు ముట్టుకున్నా రక్తం కళ్ళ చూస్తాం. అందుకని కాస్త తొందరగా నన్ను ఇంటికి పంపించేయాలి మీరు."

నా చేతిలో నీళ్ళ ప్యాకెట్టు నలిగి మిగిలిన నీళ్ళన్నీ ఒళ్ళో పడ్డాయి.

"అక్వాసిదేకి మాట్లాడతారా? అలాగని ఎవరు చెప్పారు మీకు?"

"మీరే. మీ ఫుసేనీ గారి నోట."

ఆయన మొహంలో అనుమానం అన్నదే లేదు. లేచి "ఒక్క నిమిషం" అని బయటికొచ్చి, ఫుసేనీ ఎక్కడున్నా సరే రమ్మని కబురు పెట్టాను.

ఫుసేనీ చెవి ముక్కు గొంతు సర్జను. ఉత్తరాన తమాలే వాడు, మంచివాడు. ఎముక తొలిచేటప్పుడు అతని చెయ్యి చూస్తే ముచ్చటేస్తుంది. చేతిలో వాచే, అంటే అలసందల అన్నం, పొట్లంతోనే పరిగెత్తుకొచ్చాడు.

"ఆ రోజు వాళ్ళకి ఏం చెప్పావు?" అన్నాను.

"ఏం చెప్పాలో అదే చెప్పాను డాక్టర్ సెర్వా. గొంతు పోవచ్చు, మళ్ళీ రాకపోవచ్చు అన్నాను. మింగడం కష్టం కావచ్చు, పొట్టకి గొట్టం పెట్టాల్సి రావచ్చు అన్నాను. అందరూ తలూపారు."

"ఎవరితో చెప్పావు?"

"వాళ్ళ తరఫున మాట్లాడే అబ్బాయితో. ఆ మేనల్లుడు, దార్కో. నేను ఇంగ్లీషులో చెప్పాను, అతను అందరికీ మీ ట్వి భాషలో వినిపించాడు. చాలా బాగా చెప్పాడు కూడా. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు."

"అతనేం చెప్పాడో నీకు అర్థమైందా?"

పొట్లం ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "బజారు ట్వి అయితే నాకు బాగానే వచ్చు. టమాటాలు బేరమాడతాను. అది రాజసభ భాష. పైగా పాటలాగా చెప్పాడు. అందరూ తలూపుతున్నారు కదా అని..."

నాకు ఒళ్ళు మండింది. అతని మీద కాదు, ఆ దార్కో మీద. ఇలాంటి పెద్ద మాటలు మాలో ఎవరూ ఎదురెదురుగా చెప్పుకోరు, మధ్యలో ఒక నోరు ఉండాల్సిందే. ఆ నోటి పని మాటకి నగలు పెట్టి పంపడం. ఆ నగల కింద అసలు మనిషే లేకుండా పోతే? అతన్ని వెంటబెట్టుకుని వార్డులోకి వెళ్ళాను. అదృష్టమో దురదృష్టమో, దార్కో అప్పుడే మేనమామకి సాయంత్రం తిండి తెచ్చి గిన్నె దించుతున్నాడు. ముప్పై ఏళ్ళవాడు, నీటుగా ఇస్త్రీ చొక్కా, మేనమామ నడకా మేనమామ చెయ్యి ఊపడమూ అన్నీ దించేసుకున్నవాడు. మా అందరి మొహాలూ చూశాడు. గిన్నె మూత తీయబోయిన చెయ్యి ఆగిపోయింది.

పెద్దాయనకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. నలభై ఏళ్ళు మొహాలు చదివి బతికిన మనిషి.

"దార్కో, ఆ రోజు వరండాలో డాక్టరు గారి మాట ఎలా వినిపించావో మళ్ళీ వినిపించు. ఒక్క ముక్క తగ్గకూడదు" అన్నారు.

"ఇప్పుడెందుకు మావయ్యా, చల్లారిపోతుంది, తినండి ముందు..."

"వినిపించు."

దార్కో చేతులు కట్టుకున్నాడు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ఏం చెప్పాడనుకున్నారు! "పెద్దలారా, డాక్టరు గారి కత్తి దొంగలా కాదు, బంధువులా వస్తుంది. చెప్పులు బయట విడిచి వస్తుంది. వాకిట్లో కాపలా ఉన్న పెద్దల్ని పేరుపేరునా పలకరించి, వాళ్ళ పక్కనుంచి తప్పుకుని, లోపల దాక్కున్న అతిథిని చెయ్యి పట్టుకుని బయటికి నడిపిస్తుంది. ఆ సందడికి మన ఒచ్యామె గొంతు కాస్త అలుగుతుంది. దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. పడుకోనివ్వండి. పండగ డోలు వినపడగానే అదే లేచి కూర్చుంటుంది."

పక్క మంచం మీద మనిషి 'ఆహా' అన్నాడు. ఎందుకన్నానా అని వెంటనే దుప్పటి పైకి లాక్కున్నాడు.

"బాగుంది" అన్నారు పెద్దాయన. "చాలా బాగుంది. నేనైనా ఇంతకంటే బాగా చెప్పలేను. డాక్టరమ్మా, ఇప్పుడు మీరు చెప్పండి. మధ్యలో ఎవరూ వద్దు. నగలొద్దు."

మాలో అలా అడగడం ఎంత పెద్ద సంగతో మాటల్లో చెప్పలేను. అయినా చెప్పాను. ఆయన కళ్ళలోకే చూస్తూ చెప్పాను.

"రేపు మేం అనుకున్నట్టు చేస్తే మీ గొంతు పోవచ్చు. పోతే మళ్ళీ ఇలా రాదు. గుసగుసలా మిగలొచ్చు. కొన్నాళ్ళు, లేదా ఎప్పటికీ, నోటితో తినలేకపోవచ్చు."

ఆఫ్రాకొమా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన రెప్ప వేయలేదు.

"అనుకున్నట్టు చేస్తే అన్నారు. అంటే ఇంకోలా కూడా చేయొచ్చన్నమాట. ఈ ఇంటికి ఎన్ని దారులున్నాయి?"

"మూడు. ముక్కులోంచి ఒకటి. అది నడిమధ్యన పెరిగిన గడ్డలకి పనికొస్తుంది. మీది పక్కకి ఉంది, అందదు. రెండోది తల వెనక నుంచి. చెవి వెనక ఎముక తెరిచి వెళ్తే, మెదడుని నొక్కుతున్న భాగం అందుతుంది. అది తీసేస్తే తూలడం తగ్గొచ్చు, ప్రాణం నిలవొచ్చు. కానీ గడ్డ వేళ్ళు పుర్రె అడుగున ఒక కన్నంలో ఉన్నాయి. తలలోని రక్తం దిగే పెద్ద సిర ఆ కన్నంలోంచే మెడలోకి వస్తుంది. దాన్ని ఆనుకునే గొంతు నరం, మింగే నరం వస్తాయి. వెనక దారిన వెళ్తే ఆ వేళ్ళని వదిలేసి రావాలి."

"వదిలేస్తే పెరుగుతాయి."

"మెల్లిగా పెరగొచ్చు. రేడియేషన్ కరెంటు పెట్టి కొంత ఆపి చూడొచ్చు."

"మూడోది?"

"చెవి పైనుంచి మెడ దాకా తెరవడం. చెవి చుట్టూ ఎముక తొలిచి, ముఖం నరాన్ని దాని గాడిలోంచి లేపి పక్కన పెట్టి, ఆ సిరని పైనా కిందా కట్టేసి, గడ్డని వేళ్ళతో సహా తీయడం. రేపటికి మేం అనుకున్నది అదే. కానీ ఆ నరాలు గడ్డలో కలిసిపోయి ఉన్నాయి. వాటిని మిగిల్చి తీయడం నా వల్ల కాకపోవచ్చు. ఎవరి వల్లా కాకపోవచ్చు."

ఆయన తల ఆడించారు. ఏదో తగవులో సాక్ష్యం విన్నట్టే విన్నారు. అంతవరకూ బిగబట్టుకున్న ఆఫ్రాకొమా అప్పుడు పేలింది.

"నువ్వు కావాలనే చెప్పలేదు కదరా!" అని దార్కో మీదికి లేచింది. "ఆయన గొంతు పోతే దండం ఎవరి చేతికొస్తుంది? నీ చేతికి! రాజుగారి పక్కన ఎవరు నిలబడతారు? నువ్వు!"

"నోరు సంభాళించుకో అక్కా."

"ఎందుకు సంభాళించుకోవాలి? రేపు మా నాన్న మూగవాడై లేస్తే..."

"అసలు ఇది నీకు సంబంధించిన వ్యవహారమా?" దార్కో గొంతూ లేచింది. "నువ్వు మీ అమ్మ ఇంటి మనిషివి. ఆయన మా ఇంటి మనిషి. ఆయన రక్తం మాది, ఆయన దండం మాది. మావయ్య నుంచి నీకొచ్చేదేముంది? ఏమీ లేదు!"

"ఆయన గొంతుంది నా దగ్గర. దాంతోనే బతుకుతున్నాను."

ఆ మాటకి దార్కో చప్పబడిపోయాడు. మంచం అంచున కూలబడి, చిన్నపిల్లాడిలా చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. "దండం కోసమా? నేను ప్రతి పొద్దునా అద్దంలో నా మెడ తడుముకుంటున్నాను. మా అమ్మా ఈయనా ఒక్క కడుపున పుట్టారు. ఒకటే రక్తం. రేపు నాకూ ఇదే కదా? ఆ ఇంగ్లీషు మాటలు విన్నప్పుడు అవి నా గురించే అనిపించాయి. నోట్లోంచి ఎలా తీసుకురాను? పెద్దల చెవిలో చెడ్డ మాట ఉత్త ఒంటితో వేయకూడదని నేర్పింది ఈయనే. బట్టలు తొడుగుతూ తొడుగుతూ పోయాను. లోపల మాట కనబడకుండా పోయింది."

జాలేసింది నాకు. అందుకే తొందరపడి నోరు జారాను. "నీకు భయం లేదు దార్కో. ఇవి ఎక్కువగా ఊరికే వస్తాయి. వంశంలో పాకే రకం ఒకటుంది గానీ, అది తల్లి వైపు నుంచి అందినవాళ్ళని దాదాపుగా ముట్టుకోదు. పైకి తేలితే తండ్రి నుంచి పిల్లలకే" అన్నాను.

దార్కో భుజాలు దిగాయి. ఆఫ్రాకొమా చేతిలో సగం చెక్కు తీసిన నారింజ అలాగే ఉంది. నేను ఆ వైపు చూడలేదు. నా బుర్ర నిండా మర్నాటి ఆపరేషనే.

"దార్కో" అన్నారు పెద్దాయన. కోపం లేదు, అలసట ఉంది. "నేనే నేర్పాను. కానీ సగమే నేర్చుకున్నావు. చల్లగా ఉందని చెప్పడం మొదటి మాట. అది మనిషిని కూర్చోబెట్టడానికి. కూర్చోబెట్టి రెండో మాట చెప్పకుండా వచ్చేసేవాడు ఒచ్యామె కాదు. వాడు ఉత్త అతిథి. రేపు నేను లేచేదాకా నా తరఫున నువ్వు నోరు విప్పొద్దు."

దార్కో తలొంచుకున్నాడు. ఫుసేనీ వాచే పొట్లాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక వీపు వెనక పెట్టుకున్నాడు.

"డాక్టరమ్మా, రేపు వెనక దారిన వెళ్ళండి. మెదడుని నొక్కేది తీసేయండి. వేళ్ళు వదిలేయండి. అవి మళ్ళీ పెరిగేలోపు నేను చెప్పాల్సినవన్నీ చెప్పేస్తాను."

"లోపలికెళ్ళాక ఏమవుతుందో నేను మాటివ్వలేను ఒచ్యామె గారూ. రక్తం ఆగకపోతే, దారి మార్చాల్సి వస్తే, గొంతా ప్రాణమా అని అక్కడికక్కడ తేల్చాల్సి రావచ్చు."

"అప్పుడు ఒక్కరే తేల్చకండి. బయటికి కబురు పంపండి. ఆఫ్రాకొమాని అడగండి. అది ఏమంటే అది."

దార్కో తలెత్తాడు. "మావయ్యా, ఆబుసువా ఊరుకోదు. కూతురి మాట ఎలా..."

"నా శవం ఆబుసువాది. ఎప్పుడు పాతిపెడతారో, ఎంతమందిని పిలుస్తారో వాళ్ళిష్టం. నా గొంతు దీని దగ్గర కూడా ఉంది. కాబట్టి ఇది చెప్పాలి."

ఆఫ్రాకొమా ఏడవలేదు, కాదనలేదు. వంగి తండ్రి మోకాలు తాకి లేచింది. కొత్త దారికి పనిముట్లు మార్చాలి, మంచం వాలు మార్చాలి, థియేటర్ సిస్టరు చేత మళ్ళీ తిట్లు తినాలి. ఫుసేనీని థియేటర్‌కి తోలి నేనూ గబగబా బయల్దేరాను. వరండా చివరికి వచ్చానో లేదో వెనక నుంచి పిలుపు.

"డాక్టరమ్మా."

ఆఫ్రాకొమా. పొద్దు వాలుతోంది, దుమ్ములో సూర్యుడు గుడ్డు సొనలా వేలాడుతున్నాడు. ఆవిడ వార్తలకి వెళ్ళాల్సిన వేళ అది.

"నాన్న చెవిలో డోలు, అది ఆయన నాడితో పాటే మోగేది కదా?"

"అవును. గడ్డలో రక్తం పరిగెత్తే చప్పుడది."

"హెడ్‌ఫోన్లు మార్పించానని చెప్పాను కదా."

"చెప్పావు."

"అవి తీసేసినా మోగుతోంది డాక్టరమ్మా. పడుకుంటే ఎక్కువ. అందరికీ అలాగే ఉంటుందేమో అనుకున్నాను. ఎవర్నీ అడగలేదు." చెయ్యి కుడి చెవి మీదికి వెళ్ళింది. "ఇందాక మీరు దార్కోకి ఒక మాట చెప్పారు. తండ్రి నుంచి పిల్లలకే అని."

మెళ్ళో స్టెతస్కోపు తీసి ఆవిడ కుడి చెవి వెనక ఆనించాను. రెండో చేత్తో మణికట్టు పట్టుకున్నాను. వేళ్ళ కింద నాడి కొట్టుకుంటోంది. చెవుల్లో దానితో పాటే, ఒక్కటి కూడా తప్పకుండా, హుష్షు హుష్షుమని చప్పుడు. మా ఇద్దరి పక్కనుంచీ ఎవరో స్ట్రెచరు తోసుకుంటూ పోయారు. స్టెతస్కోపు తీయబుద్ధి కాలేదు నాకు. తీస్తే ఆవిడ మొహం చూడాలి. రేపు థియేటర్ తలుపు బయట నిలబడి తండ్రి గొంతా ప్రాణమా అని చెప్పాల్సిన మనిషి మొహం అది.

తీశాను.

"చెప్పండి" అంది ఆ గొంతుతో. "నగలొద్దు."

నోరు తెరిచాను. గంట క్రితం దార్కో మీద ఒళ్ళు మండిన మనిషినే నేను. ఇన్నేళ్ళుగా ఎంతమందికి ఎన్ని చెడ్డ కబుర్లు చెప్పి ఉంటాను! మాట గొంతు దాకా వచ్చింది. బయటికొచ్చింది మాత్రం అది కాదు.

"ఇక్కడంతా చల్లగానే ఉంది" అన్నాను.

ఆఫ్రాకొమా కదల్లేదు. రెండో మాట కోసం నిలబడింది.